మేక కాలికి మందు

గుడియాత్తం పశువుల ఆసుపత్రిలో మిట్టమధ్యాహ్నం. డాక్టరమ్మ ఒడుగత్తూరు పక్క ఊళ్ళకు టీకాలు వేయడానికి వెళ్ళింది. పొద్దున్నుంచి వచ్చిన గొడ్లకు కట్లు కట్టీ మందులు పోసీ అలసిపోయిన అటెండరు పాల్‌రాజ్, వరండాలో గోడవారన బల్ల మీద కూర్చుని ఉన్న చిన్నపొన్ను దగ్గరికి చివరికి వచ్చాడు. ఆమె మేస్త్రీ దొరై భార్య. ఇళ్ళు కట్టే చోట ఇసుకా సిమెంటూ మోసే కూలిమనిషి.

"అదే మందు ఇంకొక బుడ్డి ఇయ్యి నాయనా. పోయినసారి ఇచ్చినావే, ఊదారంగుది, పుండు మీద చిమ్మేది."

"అప్పుడే అయిపోయిందా అక్కా?"

"అయిపోయింది."

"ఒక మేక కాలికా? ఆ బుడ్డితో ఎద్దు ఒళ్ళంతా చిమ్మొచ్చు కదా."

"దండిగా చిమ్మినాను. బిన్నా, రెండు దినాల్లో మానితే బాగుంటాదని."

"మానిందా మల్ల?"

"మానతా ఉండాది."

"మానతా ఉంటే ఇంకో బుడ్డి ఎంటికి?"

"నువ్వు శానా మాట్లాడతావప్పా. ఇచ్చేస్తే పోతాను. పొద్దున్నించీ కూర్చోనుండా."

"నేనూ పొద్దున్నించీ కూర్చోకుండా ఉండా. ఎవరి కష్టం వాళ్ళది. ఉండు, ఈ చేతులు కడుక్కోనీ. నీకు నీళ్ళు కావల్నా? కుండలో చల్లగా ఉండాయి."

"ఒద్దు."

"టీ ఉండాది, ఫ్లాస్కులో. రవంత తాగు."

"ఒద్దు నాయనా."

"ఈ ఎండకి గొంతు తడుపుకోకుండా కూర్చుంటావా? పెదాలు చూడు, ఎట్ల ఎండిపోయినాయో."

"తాగితే మల్లా అవతలికి పోవల్ల. ఈడ యాడ పోయేది? ఒద్దులే. మందు ఇయ్యి."

"వెనకాల ఉండాది కదా, పంపు పక్కన."

"అంత దూరం ఎవరు నడస్తారు. గమ్మున ఉండు."

"సరి. కాలు ఎట్ల ఉండాది చెప్పు. చూడకుండా ఊరికే మందు ఇచ్చేది మంచిది కాదు. డాక్టరమ్మ అరస్తాది."

"అట్లనే ఉండాది. రవంత పెద్దదయింది."

"ఇప్పుడే మానతా ఉండాదంటివి."

"పక్కన మానింది. నడుమ పెద్దదయింది."

"చీము?"

"ఉండాది."

"పురుగు పడిందా?"

"అయ్యో, లేదు లేదు. దినం కడగతా ఉండా, ఉప్పునీళ్ళతో. పురుగు పడనిస్తానా?"

"కుంటతాదా?"

"కుంటకుండా ఎట్ల? గోడ పట్టుకోని నడస్తాది."

"గోడ పట్టుకోనా?"

"ఆనుకోని. గోడ ఆనుకోని నడస్తాది అంటా ఉండా. నువ్వొకడివి, నోట్లోంచి మాట రానీవు."

"రంగు ఎట్ల ఉండాది?"

"నల్లగయింది. చివర్న వేలు..."

"వేలు?"

"గిట్ట. గిట్ట చివర్న. ఎండ దెబ్బకి మాటలు తడబడతా ఉండాయి."

"అవును, ఎండ ఎక్కువే. నొప్పి ఉండాదా దానికి?"

"అదే కదా వింత. నొప్పే లేదు. సూదితో పొడిచినా తెలియలేదు."

"తెలియలేదని అది చెప్పిందా?"

"కదల్లేదు. కదల్లేదంటే తెలియనట్టే కదా."

"అవునక్కా. ఆ మాట నిజమే. నొప్పి ఉంటే పరవాలేదు. నొప్పి లేదంటేనే భయం."

"భయమా? ఎంటికి భయం?"

"చెప్తా. ఉండు."

గేటు దగ్గర వేపచెట్టుకు ఆవును కట్టేసిన కుమరేశన్ అక్కడి నుంచే కేక వేశాడు.

"పాల్‌రాజన్నా! మల్లా అరస్తా ఉండాది! కడుపు చూడు, డప్పు మాదిరి అయిపోయింది!"

"అరవనీ కుమరేశా! నూనె పోసినాను కదా, లోపల పని చేస్తాది. నిలబెట్టే ఉంచు, పండుకోనీయొద్దు. అటూ ఇటూ నడిపించు!"

"ఏమయింది నాయనా ఆ ఆవుకి?"

"ఏమవతాది? బస్టాండులో ఇడిస్తే కవర్లు తినింది. నేను పొద్దున్నే అడిగితిని, యాడ మేపినావు కుమరేశా అని. గడ్డిలోనే అన్నా, గడ్డిలోనే అంటాడు. నోరు తెరిచి చూస్తే పండ్ల నడుమ కవరు ముక్క."

"పాపం. అరస్తా ఉండాది చూడు, బిడ్డ మాదిరి."

"అరిచేది మంచిదే అక్కా. అరిస్తే ఇంట్లోవాళ్ళు పరిగెత్తుకోని వస్తారు. అరవని వాటితోనే కష్టం. మా పక్కింట్లో ఒక గొర్రె ఉండె. మందతోనే పోతాది, మందతోనే వస్తాది, వంచిన తల ఎత్తకుండా మేస్తాది. ఒకదినం పడిపోయింది. కోసి చూస్తే లోపల ఏమీ లేదు, అంతా కుళ్ళిపోయుండాది. అన్నాళ్ళు ఎట్ల నడిచిందో, ఎట్ల మేసిందో. డాక్టరమ్మను అడిగితే చెప్పింది. మందలో వెనకబడిందాన్నే నక్క పడతాదంట. అది వాటికి పుట్టుకతోనే తెలుసంట. అందుకనే నొప్పి చూపించవంట."

"తెలివైందే."

"ఏం తెలివి? నక్క లేదు, ఏం లేదు. చుట్టూ మనుషులే ఉంటిమి. చెప్పుంటే ఒక సూదితో మానిపోయుండేది."

"ఎట్ల చెప్తాదప్పా నోరు లేనిది."

"నోరు లేనిది సరే... అక్కా, ఏమి ఈ వాసన? బల్ల కింద ఎలుక చచ్చిందా?"

"గొడ్లాసుపత్రిలో మల్లెపూల వాసన వస్తాదా?"

"లేదు, ఇప్పుడే వస్తా ఉండాది. నువ్వు రవంత జరుగు, చూస్తా."

"ఒద్దు ఒద్దు. ఆ చెత్తబుట్ట చూడు ముందు. గొడ్లకు తుడిచిన దూదంతా అందులోనే ఏసినావు. వాసన రాదా మల్ల?"

"నిజమే. ఊడ్చే ఆమె రెండు దినాలుగా రాలేదు. అదీ నేనే, ఇదీ నేనే. చేతులు పడిపోతా ఉండాయి అక్కా."

"అలుపు అందరికీ ఉండాది. ఇచ్చెయ్యి, పోతాను."

"నీ మేక ఏ రంగుది అక్కా?"

"ఏమి కొత్తగా అడగతా ఉండావు? నువ్వే కదా టీకా ఏస్తివి. నల్లది, చెవుల మీద తెల్ల చుక్కలు."

"చెవుల మీద తెల్ల చుక్కలు. కుడికొమ్ము రవంత వంకర."

"ఊ. అదే."

"నిన్న వచ్చింది ఈడికి."

"ఏది?"

"ఆ మేకే. గోపాలస్వామి తోలుకోని వచ్చినాడు. చిన్నపొన్ను దగ్గర కొన్నాను, మంచి మేక, చూలు కట్టిందో లేదో చూడు అన్నాడు. చూస్తిని. చూలుతోనే ఉండాది. నాలుగు కాళ్ళూ కడిగిన మాదిరి ఉండాయి, ఒక గీత లేదు."

"మందు ఇస్తావా, ఇయ్యవా?"

"పొంగలికి ముందే అమ్మేసినావంట కదా అక్కా. ఇంకొక మేక కొన్నానని చెప్పొద్దు. నీ ఇంటి ముందర దినం పోతా ఉండా, మేక పెంటిక ఒకటి కూడా లేదు. చెప్పు, ఎవరికి ఈ మందు?"

"ఎవరికైతే ఏమప్పా. మందు మందే."

"కాదు. ఇది గొడ్ల మందు. మనుషుల ఒంటికి ఏసేది కాదు. నేను మేక అనుకోని ఇచ్చినాను. ఒకసారి కాదు, మల్లా మల్లా ఇచ్చినాను. నిన్న గోపాలస్వామి పోయినాక నాకు అన్నం దిగలేదు. ఎవరి కాలికి పోస్తా ఉండాదో ఈమె, నేను నా చేత్తో ఇచ్చింది అని."

"ఏమీ కాలేదులే. నువ్వు ఎంటికి బాధపడతావు."

"బావకా? దొరైబావ కాలికి అయిందా? చెప్పక్కా. ఎవరికీ చెప్పను. ఊ అను, చాలు."

"...ఊ."

"దేవుడా. అనుకుంటినే నేను. ఎట్ల అయింది?"

"పనిలోనే. సెంట్రింగు పలక పీకి పారేసి ఉండె. చీల పైకి ఉండె. తొక్కేస్తి... తొక్కేసినాడు."

"చెప్పులు లేవా?"

"తడి సిమెంటులో చెప్పులెట్ల ఏసుకుంటారు? పీకి పారేసి మల్లా పనిలోకి దిగేసినాడు. రవంత రక్తమొచ్చింది, సున్నం అద్దినాడు. రెండు దినాలు బాగానే ఉండె. ఆ తర్వాత వాచింది. తర్వాత నీళ్ళు కారినాయి. వేపాకు కట్టినాము, పసుపు కట్టినాము. మానతాది మానతాది అంటానే నల్లగయింది."

"సుగరు ఉండాదా?"

"ఏమో. చూపించుకుంటే కదా తెలిసేది."

"రాత్రిలో మాటిమాటికి లేస్తాడా, అవతలికి?"

"లేస్తాడు."

"ఊరికే దాహమంటాడా?"

"అంటాడు."

"బక్కగయినాడా?"

"చీర నడుం నిలవ... చెప్తా ఉండా కదా, పంచ నడుం నిలవదు. జారిపోతా ఉండాది."

"సుగరే అక్కా. సందేహమే లేదు. నాకుండాది కదా, నాకు తెలియదా? నాకూ ఇట్లనే మొదలయింది. నేను దాహమంటే నా పెండ్లాం జెసింత ఎండ అనింది. ఎండ కాదు, ఒళ్ళే. సరే, ఇంతైనాక కూడా సర్కారాసుపత్రికి ఎంటికి పోలేదు మీరు? నాలుగు వీధుల అవతలే ఉండాది."

"ఆడికి పోతే ముందు పేరు అడుగుతారు. తర్వాత వయసు. తర్వాత తోడు ఎవరొచ్చినారు అంటారు. ఈడ ఏమీ అడగరు. మేక అంటే మేక. మందు ఇచ్చేస్తారు."

"అందుకని?"

"అదొక్కటే కాదు... ఆడ చూసి, వేలూరుకు పో అంటారు. వేలూరికి పోతే కాలు తీసేస్తారు."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పల్ల? మా అక్క పొన్నమ్మను చూడలేదా? ఒడుగత్తూరులో. కాలి వేలికి పుండు అని పోయింది. వేలు తీసినారు. మల్లా పోయింది, పాదం తీసినారు. మల్లా పోయింది, మోకాలి కింద దాకా తీసినారు."

"ఆమె ఎప్పుడు పోయింది ఆసుపత్రికి? మొదట్లోనేనా?"

"ఏమో. మాతో ఎప్పుడు చెప్పింది? బస్సెక్కినాకే చెప్పింది."

"అదే కదా."

"ఏది అదే? నీకేమి తెలుసు? ఆ తర్వాత ఎట్ల బతికిందో చూసినావా? వాకిట్లో కూర్చోబెడతారు పొద్దున. పొద్దుగూకినాక లోపలికి ఎత్తుకోని పోతారు. మంచివాళ్ళే, కొడుకూ కోడలూ. ఒక మాట అనరు. కానీ వాళ్ళకీ పనులుంటాయి కదా. అవతలికి పోవల్లంటే ఒకరు రావల్ల, ఎత్తల్ల, కూర్చోబెట్టల్ల, కడగల్ల. అందుకని మా అక్క ఏమి చేసింది తెలుసా? నీళ్ళు తాగేది మానేసింది."

"నీళ్ళా?"

"తాగితే కదా పోయేది. మిట్టమధ్యాహ్నం చెంబు పక్కనే పెట్టి పోతారు, అట్లనే ఉంటాది, నిండుగా. నేను పోయి, తాగక్కా అంటే, దాహం లేదే అంటాది. నాలుక చూస్తే ఎండి పగిలిపోయుండె. కాలు తీసినందుకు పోలేదు మా అక్క. నీళ్ళు తాగకుండా పోయింది."

"కష్టంగా ఉండాది వినేదానికి."

"వినేదానికే అట్లుంటే."

గేటు దగ్గర ఆవు మళ్ళీ అరిచింది. కుమరేశన్ దాన్ని చెట్టు చుట్టూ తిప్పుతున్నాడు.

"అక్కా, నేనొకటి చెప్తా, వింటావా? అందరికీ కాలు తియ్యరు. నా కాలికీ పుండు అయింది, రెండేండ్ల కింద. ఇదో చూడు, మచ్చ. వేలూరికి పోతిని, పెద్దాసుపత్రికి. చచ్చిన చర్మమంతా గీకినారు. సుగరుకు సూది ఏసినారు. కట్టు మారుస్తా ఉండినారు. మానిపోయింది. వేలు కూడా తియ్యలేదు."

"నిజంగానా?"

"చూస్తా ఉండావు కదా కాలు."

"నీకు నల్లగయిందా?"

"నల్లగ కాలేదు. ఎర్రగా ఉండంగానే పోతిని. జెసింత ఆడనే కదా పని చేసేది, వార్డులో. ఇంటికొచ్చి చూసి, చెయ్యి పట్టుకోని లాక్కోనిపోయింది."

"మల్ల నల్లగయితే?"

"నల్లగయిన కాడికి తీస్తారు."

"ఎంత కాడికి?"

"చూస్తే కదా అక్కా తెలిసేది. వేలు వరకే అయితే వేలే తీస్తారు."

"వేలు పోతే నడవచ్చా?"

"నడవచ్చు. మెత్త చెప్పులిస్తారు."

"మెట్లెక్కచ్చా?"

"ఎక్కచ్చు."

"తట్ట మోయొచ్చా? తలమీద బరువు పెట్టుకోని పలకల మీద నడిస్తే జారిపోదా? బొటనవేలు లేకపోతే బిగువు ఉండదు కదా కాలికి."

"బావ మేస్త్రీ కదా అక్కా. ఆయనెంటికి తట్ట మోస్తాడు?"

"అప్పుడప్పుడు మోస్తాడు. కూలోళ్ళు దొరకనప్పుడు."

"మేస్త్రీకి ఒకచోట నిలబడి పూసేదే పని. తట్ట సంగతి ఒదిలెయ్యి."

"ఊరికే అడిగినానులే."

"రేపు తెల్లార్తో మొదటి బస్సుకు పోండి, ఇద్దరూ. నేను జెసింతకు ఫోను చేసి చెప్తా. గేటు కాడికే వస్తాది. చీటీ రాయించేది, ఎవరిని చూసేది, అంతా ఆమె చూసుకుంటాది. మీకు ఆడ తమిళంలో అడిగినా తెలుగులో అడిగినా జెసింత పక్కనే ఉంటాది."

"సరే. రేపు పోతాములే."

"బిన్నా ఒప్పుకునేసినావే?"

"నువ్వు చెప్తే కాదంటానా? రేపు పోతాము. ఇప్పుడు ఆ బుడ్డి ఇయ్యి, ఈ రాత్రికి మాత్రం."

"ఇయ్యను."

"రవంత. ఆ మందు చిమ్మితే వాసన తెలియకుండా ఉంటాది. ఇంట్లో మనిషికి తెలియకుండా..."

"ఇంట్లో మనిషికా? ఇంట్లో ఉండేదే మీరిద్దరు కదా. ఎవరికి తెలియకుండా?"

"శరణ్యకి. కూతురు వచ్చిపోతా ఉండాది కదా, చెప్పుల ఫ్యాక్టరీకి సెలవైతే. అది చూస్తే ఏడస్తాది."

"ఏడవనీ. ఏడిస్తే ఆసుపత్రికన్నా పోతారు. అక్కా, నీమీద నాకు నమ్మకం లేదు. నువ్వు రేపు పోవు. ఇంటికి పోయి మల్లా పసుపు కడతావు. వచ్చేవారం ఇంకొక మేకను తోలుకోని వస్తావు."

"ఎట్ల చెప్తే నమ్ముతావు?"

"నీ మాట ఒద్దు. బావతోనే మాట్లాడతా."

"ఒద్దు."

"నంబరు ఉండాది నా దగ్గర. చర్చి గోడకు పూత పూసింది ఆయనే కదా."

"ఒద్దు పాల్‌రాజూ, ఇప్పుడు ఒద్దు. పనిలో ఉంటాడు. పళ్ళికొండలో హైవే మీద హోటలు కడతా ఉండారు, ఆడుండాడు. పనిలో ఫోను చేస్తే కోపం చేసుకుంటాడు."

"కోపం చేసుకోనీ. ఆ కాలితో పనికి పోయినాడా? నువ్వు పోనిచ్చినావా?"

"నా మాట వింటాడా? పెట్టెయ్యి నాయనా ఫోను. సాయంత్రం నేనే చెప్తా. నీ బిడ్డ మీద ఒట్టు, నేనే చెప్తా. పాల్‌రాజూ, పెట్టెయ్యప్పా..."

"పోతా ఉండాది రింగు. ఈ ఫోనుకు స్పీకరు ఒక్కటే పని చేస్తాది, నువ్వూ విను... హలో! బావా! నేను పాల్‌రాజు, గొడ్లాసుపత్రి."

"పాల్‌రాజా? చెప్పప్పా. గట్టిగా చెప్పు, లారీల సద్దు. నేను సారం కట్టెల మీదుండా."

"సారం మీదనా? ఎంత ఎత్తున?"

"రెండో అంతస్తు. బయటి గోడకు పూస్తా ఉండాము. ఏమి సంగతి? చర్చి గోడ పగిలిందా?"

"గోడ కాదు బావా. ఆ కాలితో సారం ఎట్ల ఎక్కినావు?"

"ఏ కాలితో?"

"దాచొద్దు బావా. నాకంతా తెలిసిపోయింది. చీల గుచ్చింది, నల్లగయింది, నొప్పి తెలియదు, అంతా. నేనేమీ అనను. దిగి ఇంటికి రా. రేపు వేలూరికి పోవల్ల నువ్వు."

"ఎవరికి గుచ్చింది? నాకా? నాకేమి అప్పా, రెండు కాళ్ళూ గట్టిగా ఉండాయి. ఇప్పుడే కదా నిచ్చెన ఎక్కి వస్తిని. నువ్వు వేరే దొరైకి చేసినావేమో."

"వేరే దొరై కాదు బావా. నువ్వే. అక్కే చెప్పింది."

"ఏ అక్క?"

"చిన్నపొన్నక్క. ఇప్పుడే, నా ముందరే చెప్పింది. నీకు సుగరంట, పంచ నడుం నిలవదంట, రాత్రిలో లేస్తావంట."

"చిన్నపొన్నా? ఆమె శరణ్య ఇంటికి పోయొస్తానని కదా చెప్పింది పొద్దున. గొడ్లాసుపత్రిలో ఆమెకేమి పని? మాకు గొడ్లే లేవు కదా."

"మందుకు వచ్చింది బావా. పుండుకు చిమ్మే మందు. ఇదే మొదటిసారి కాదు."

ఫోనులో తాపీ కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"బావా? ఉండావా?"

"ఉండా. దిగతా ఉండా... పాల్‌రాజూ, మూడు వారాలైంది ఆమె పనికి రాక. నడుము పట్టింది అనింది. సరే, వయసైంది కదా, ఇంట్లో ఉండనీలే అనుకుంటిని. రాత్రిలో కాళ్ళకు దుప్పటి కప్పుకోని పండుకుంటా ఉండాది, ఈ ఎండల్లో. ఏమే అంటే, దోమలు అంటాది. ఊదుకడ్డీలు మాత్రం మంచం కింద వెలిగిస్తా ఉండాది, దేవుడి ముందర కాదు. నేను అడగలేదు. అలిసిపోయి వస్తాను కదా, అడగలేదు."

"బావా..."

"ఆమె యాడుండాది ఇప్పుడు?"

"ఈడనే. బల్ల మీద కూర్చోనుండాది."

"పొద్దున్నించీ ఆడనే కూర్చోనుండాదా?"

"నేను తలుపు తీసేసరికే వచ్చి కూర్చోనుండె."

"మల్లా ఒకసారైనా లేచిందా?"

"లేదు బావా."

"పాల్‌రాజూ, ఆమెను లేచి నిలబడమను నాయనా."

"అక్కా. ఇట్ల చూడు నా పక్కకి. రవంత లే అక్కా... ఏమక్కా, ఆ చీర అంచు ఎంటికట్ల పట్టుకోనుండావు? ఒదులు. ఒదలక్కా, నేనే ఎత్తి చూస్తా."

"ఏమంటాది? పాల్‌రాజూ, ఏమంటా ఉండాది ఆమె?"

"కాలు నాదే నాయనా... లేయను చేతకాలేదు."